ఒకే డైవ్, రెండు కంప్యూటర్లు, రెండు లెక్కలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డైవ్ కంప్యూటర్ల గురించే. సెలవులకు అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు. స్కూబా అలవాటు లేని పాఠకుల కోసం ఒక్క మాట: డైవ్ కంప్యూటర్ అంటే చేతికి వాచీలా కట్టుకునే పరికరం. మీరు ఎంత లోతులో ఉన్నారో, ఎంతసేపటి నుంచి ఉన్నారో నిరంతరం చూసుకుంటూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా పైకి రాగలిగేలా ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెబుతుంది. ఆ నిమిషాలనే నో డెకో టైమ్ అంటాం. అది సున్నా అయ్యాక కూడా కిందే ఉంటే, వచ్చేటప్పుడు నీళ్లలో కొంతసేపు ఆగి ఆగి రావాలి. అదే డెకో.

ప్రశ్న: అన్నా, నేనూ మా ఫ్రెండూ హావ్‌లాక్‌లో డైవింగ్‌కి వెళ్లాం. రెండో డైవ్‌లో ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం, ఒకే లోతు, ఒకే టైమ్. 22 మీటర్ల దగ్గర నా కంప్యూటర్ ఇంకా 4 నిమిషాలే అంటుంటే వాడిది 13 చూపిస్తోంది. నాది కొత్తది, సొంతది. వాడిది డైవ్ షాపులో అద్దెకు తీసుకున్నది. వాడు ఇంకా ఉందామని సైగ చేశాడు, నేను పైకి పోదామన్నా. బోటు ఎక్కాక కొంచెం మాటా మాటా అనుకున్నాం కూడా. ఇంతకీ ఏది పాడైంది?
— హైదరాబాద్ పాఠకుడు

జవాబు: ముందు గొడవ సంగతి. మీరు చేసిందే సరైన పని. ఇద్దరు కలిసి దిగినప్పుడు ఎవరి కంప్యూటర్ తక్కువ చూపిస్తే ఇద్దరికీ అదే లెక్క, ఇందులో బేరాల్లేవు. మీ ఫ్రెండ్‌కి ఈ పేజీ చూపించండి.

ఇక పాడైంది ఏది అంటే, బహుశా ఏదీ కాదు. రెండూ లోతునీ టైమునీ సరిగ్గానే కొలిచి ఉంటాయి. తేడా ఆ కొలతలతో వేసిన లెక్కలో ఉంది. మీ చేతికున్న వాచీకి మీ ఒంట్లో నైట్రోజన్ ఎంత ఉందో తెలీదు, తెలుసుకునే సాధనం కూడా దాని దగ్గర లేదు. దానికి తెలిసింది నీటి ఒత్తిడి, గడియారం, ఈ రెండే. మిగతాదంతా ఎవరో పెద్దలు రాసిన సూత్రం ప్రకారం వేసే అంచనా.

ఆ అంచనా ఎలా వేస్తారో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒత్తిడి ఒక్కో వాతావరణం (సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడంత) చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర మనం పీల్చే గాలి ఒత్తిడి పైనున్నదానికి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ రక్తంలోకీ కండలోకీ కొవ్వులోకీ కరుగుతుంది. తొందరగా పైకి వచ్చేస్తే గోలీ నొక్కగానే సోడా పొంగినట్టు బుడగలు కడుతుంది, దాన్నే బెండ్స్ అంటారు. అయితే ఒళ్లంతా ఒకే వేగంతో నైట్రోజన్ పట్టదు. పెసరపప్పు కాసేపట్లో నానుతుంది, శనగలు రాత్రంతా నీళ్లలో ఉండాలి కదా, అలాగన్నమాట. రక్తం బాగా పారే చోట్ల త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతుంది, కొవ్వులాంటి చోట్ల నిదానంగా. 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి, నేవీ డైవర్ల కోసం మేకల మీద ప్రయోగాలు చేసి ఈ లెక్క మొదలుపెట్టారు. శరీరాన్ని ఐదు భాగాలుగా ఊహించుకుని ఒక్కోదానికి సగం నిండే సమయం 5, 10, 20, 40, 75 నిమిషాలుగా పెట్టుకున్నారు. తర్వాత స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్‌లో ఆల్బర్ట్ బ్యూల్మాన్ అనే డాక్టర్ ఏళ్ల తరబడి పనిచేసి దాన్ని 16 భాగాలకు పెంచారు, 4 నిమిషాల్లో సగం నిండే భాగం నుంచి 635 నిమిషాలు పట్టే భాగం దాకా. ఇప్పుడు మన చేతులకున్న కంప్యూటర్లలో చాలావాటి లోపల నడిచేది ఆయన లెక్కే, లేదా దాని బంధువు.

ఈ 16 భాగాల్లో ప్రతిదానికీ ఇంతవరకు నైట్రోజన్ ఉన్నా పైకి రావచ్చు అని ఒక గీత ఉంటుంది. ఆ గీతను మనుషులు ప్రయోగాలు చేసి, ఎవరికి ఎప్పుడు నొప్పులొచ్చాయో చూసి, ఇంతమాత్రం రిస్కు ఒప్పుకోవచ్చు అనుకుని గీశారు. పరగడుపు షుగర్ 126 వస్తే డయాబెటిస్ అంటారు, 125 వస్తే అనరు. ఆ ఒక్క పాయింటుకి మనిషి ఒంట్లో ఏమీ మారిపోదు, కానీ ఎక్కడో ఒక చోట గీత గీయాలి కాబట్టి గీశారు. ఇదీ అంతే.

మీ ఇద్దరి కంప్యూటర్లు ఆ గీతను వేరే వేరే చోట్ల గీసుకున్నాయి. కంపెనీల వారీగా చూస్తే, సూంటోలో చాలా మోడళ్లు ఆర్‌జీబీఎం అనే లెక్క వాడతాయి, ఓషియానిక్‌లో డీశాట్ అనే లెక్క పెట్టుకునే వీలుంది, అది బాగా ఉదారంగా టైమ్ ఇస్తుందని పేరు. షీర్‌వాటర్, గార్మిన్ బ్యూల్మాన్ లెక్కనే తీసుకుని, గీత దాకా వెళ్లకుండా ఎంత దూరంలో ఆగాలో మనల్నే శాతాల్లో ఎంచుకోమంటాయి. ఎరిక్ బేకర్ తెచ్చిన ఆ పద్ధతిని గ్రేడియెంట్ ఫ్యాక్టర్ అంటారు. 45/95, 40/85, 35/75 అని మూడు తయారుగా ఉంటాయి. నో డెకో డైవ్‌లో మన టైమును తేల్చేది రెండో అంకె.

ఆ అంకెల వల్ల ఎంత తేడా వస్తుందో బ్యూల్మాన్ సూత్రంతో కాగితం మీద లెక్క వేసి చూశాను. మీ కంప్యూటర్లో ఒకట్రెండు నిమిషాలు అటూ ఇటూ ఉండొచ్చు. రోజు మొదటి డైవ్, మామూలు గాలి, 18 మీటర్లు: గీత దాకా పూర్తిగా వెళ్తే 60 నిమిషాలు. 95 పెడితే 55. 85 పెడితే 44. 75 పెడితే 34. అదే 30 మీటర్ల దగ్గర వరసగా 16, 15, 12, 10. చూశారా, ఒకే శాస్త్రవేత్త, ఒకే సూత్రం, మనిషీ నీళ్లూ కూడా అవే, అయినా 18 మీటర్ల దగ్గర 60కీ 34కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అమెరికన్ నేవీ పాత పట్టికలో 18 మీటర్లకు 60, 30 మీటర్లకు 25 నిమిషాలు ఉండేవి. డైవింగ్ నేర్పే పాడి సంస్థ 1988లో సరదాకి డైవ్ చేసేవాళ్ల కోసం తెచ్చిన పట్టికలో 56, 20. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఎవరి కోసం, ఎంత రిస్కుకి ఒప్పుకుని వేశారన్నదే తేడా.

ఇంకో చిన్న అనుమానం. మీ ఫ్రెండ్ మొదటి డైవ్‌లో కూడా ఆ కంప్యూటరే కట్టుకున్నాడా, లేక బోటు మీద షాపువాళ్లు వేరేది ఇచ్చారా? ఇది కనుక్కోండి. రెండో డైవ్‌కి ఇచ్చింది వేరేదైతే మొదటి డైవ్‌లో అతని ఒంట్లో చేరిన నైట్రోజన్ సంగతి దానికి తెలియనే తెలియదు, అది అతన్ని అప్పుడే ఇంట్లోంచి వచ్చిన మనిషి అనుకుంటుంది. అదే నిజమైతే ఆ 13 నిమిషాలు నిజంగా ప్రమాదకరమైన అంకె, లెక్కల తేడా అని సరిపెట్టుకోకూడదు.

ప్రశ్న: మేడమ్/సార్, ఈ కంపెనీలు కోర్టు కేసులకు భయపడి మరీ తక్కువ టైమ్ ఇస్తున్నాయని మా గ్రూపులో అనుకుంటాం. ఒక్కో డైవ్‌కి వేలు పోసి వెళ్తే 40 నిమిషాలకే పైకి రావాల్సి వస్తోంది. పాత పట్టికలు 56 ఇచ్చేవి. సెట్టింగు తగ్గించుకుంటే తప్పేంటి?
— బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తగ్గించుకోవడం తప్పని నేను అనను. మీరు ఆరోగ్యంగా ఉండి, రోజుకి రెండు డైవ్‌లు చేసి, మెల్లగా పైకి వచ్చేవారైతే 95 పెట్టుకున్నా అది పిచ్చి పని కాదు. కానీ మీరు నష్టపోతున్నారనుకుంటున్న టైమ్ నిజంగా కంప్యూటర్ వల్లే పోతోందా అని ఒక్కసారి చూడండి.

మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం ట్యాంకులో 11 లీటర్లు పడతాయి. 200 బార్ ఒత్తిడితో దిగి 50 బార్ మిగిల్చుకుని పైకి రావాలి. అంటే వాడుకోవడానికి, 11ని 150తో గుణిస్తే, 1650 లీటర్ల గాలి. కొత్త డైవర్ నిమిషానికి 20 లీటర్ల దాకా పీలుస్తాడు, 18 మీటర్ల దగ్గర అది 56 లీటర్లవుతుంది. భాగించండి. 29 నిమిషాలు. మీ సెట్టింగు 85లో ఉన్నా కంప్యూటర్ ఇచ్చేది 44, అంటే గాలే ముందు అయిపోతోంది! మొదటి డైవ్‌లో చాలామందికి జరిగేది ఇదే. నిందమాత్రం కంప్యూటర్ మీద పడుతుంది. ఊపిరి నిదానంగా తీసుకోవడం, బరువులు సరిగ్గా సర్దుకోవడం, చేతులు ఊపకుండా కాళ్లతోనే ఈదడం, వీటివల్ల వచ్చే టైమ్ ఏ సెట్టింగూ ఇవ్వదు.

పట్టికతో పోల్చడంలో ఇంకో పొరపాటుంది. పట్టిక మీరు తాకిన గరిష్ఠ లోతులోనే డైవ్ అంతా ఉన్నట్టు లెక్క వేస్తుంది. కంప్యూటర్ అలా కాదు, మీరు రీఫ్ వాలు మీదుగా 18 నుంచి 12కి, 12 నుంచి 8కి ఎక్కుతుంటే టైమ్ మళ్లీ పెంచుతూ పోతుంది. ముందు లోతుకి వెళ్లి, తర్వాత పైకి జరుగుతూ చేసే డైవ్‌లో కఠినమైన సెట్టింగున్న కంప్యూటర్ కూడా పట్టిక కంటే ఎక్కువసేపే ఉంచుతుంది. అడుగున ఒకే చోట మునిగిన ఓడ శిథిలం చుట్టూ తిరిగే డైవ్‌లో మాత్రం మీరన్న కోత నిజంగానే కనిపిస్తుంది, వరసగా మూడో డైవ్‌కి ఇంకా బాగా కనిపిస్తుంది.

దానికి నా సలహా నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి. 32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో 30 మీటర్ల దగ్గర ఉంటే, నైట్రోజన్ లెక్కలో మీరు దాదాపు 24న్నర మీటర్ల దగ్గర ఉన్నట్టే. గీతను ముందుకు జరపకుండానే టైమ్ దొరుకుతుంది. కాకపోతే దానికి ఒక రోజు కోర్సు, 33 మీటర్ల దిగువకు వెళ్లకూడదన్న కచ్చితమైన హద్దు ఉన్నాయి, ఆ హద్దు దాటితే ఆక్సిజన్ ఒత్తిడి ఎక్కువై వచ్చే ఫిట్స్ నీళ్లలో ప్రాణం తీస్తాయి. కొందరు నైట్రాక్స్ పీలుస్తూ కంప్యూటర్‌ని మామూలు గాలి మీదే ఉంచుతారు, రెండింతల జాగ్రత్త అని. నైట్రోజన్ వరకు మంచిదే, కానీ అప్పుడు ఆక్సిజన్ హద్దు గురించి కంప్యూటర్ హెచ్చరించదు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

కోర్టు భయం కంపెనీలకు ఉండదని నేను చెప్పను. అయితే ఒక మోడల్ కొనేవాళ్లలో ఇరవై ఏళ్ల ఈతగాడూ ఉంటాడు, మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల మనిషీ ఉంటాడు, ఎవరు కట్టుకున్నారో దానికి తెలీదు. మీకు ఎక్కువ అనిపించే జాగ్రత్త ఇంకొకరికి చాలకపోవచ్చు.

ఒక హెచ్చరిక. సెట్టింగులో "హై" అని కనిపిస్తే ఎక్కువ టైమ్ అనుకుని పెట్టేసినవాళ్లనీ, "లో" అంటే తక్కువ రిస్కు అనుకున్నవాళ్లనీ నేను బోటు మీద చూశాను. అక్కడ చెప్పేది జాగ్రత్త ఎంత అని. "లో" అంటే జాగ్రత్త తక్కువ, టైమ్ ఎక్కువ. సూంటోలో అయితే పీ 1, పీ 2 జాగ్రత్త పెంచుతాయి, మైనస్ అంకెలున్న మోడళ్లలో అవి తగ్గిస్తాయి. క్రెస్సీలో ఎస్ఎఫ్ 0, 1, 2. మాన్యువల్ చదవకుండా ఎవరూ ఈ బటన్ల జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న: బాబూ, నాకు 61 ఏళ్లు. రిటైరయ్యాక మా అబ్బాయి పట్టుబట్టి రుషికొండలో నేర్పించాడు, చాలా బాగుంది. బీపీ మాత్రలు వాడుతున్నాను. నేను కంప్యూటర్లో ఏం పెట్టుకోవాలి?
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: 61లో నేర్చుకున్నారంటే చాలా సంతోషంగా ఉందండీ. అన్నిటికంటే కఠినమైన సెట్టింగు పెట్టుకోండి, 35/75 లేదా మీ మోడల్లో దానికి సమానమైనది. రోజుకి రెండు డైవ్‌లు చాలు, మూడో రోజో నాలుగో రోజో ఒక పూట సెలవు తీసుకోండి. నీళ్లు బాగా తాగండి. కొన్ని రకాల బీపీ మాత్రలవల్ల, ఎండలో బోటు మీద కూర్చోవడంవల్ల, వాంతులవల్ల ఒంట్లో నీరు తగ్గితే బెండ్స్‌కి అవకాశం పెరుగుతుంది.

కానీ మీ విషయంలో నాకున్న అసలు ఆందోళన కంప్యూటర్ గురించి కాదు. పెద్ద వయసు డైవర్ల మరణాల్లో గుండె జబ్బులది పెద్ద వాటా, బెండ్స్ కంటే దాని గురించే ముందు ఆలోచించాలి. ప్రవాహానికి ఎదురు ఈదాల్సి వచ్చినప్పుడు గుండె తట్టుకుంటుందో లేదో ఏ వాచీ చెప్పలేదు. గుండె డాక్టర్ దగ్గర ట్రెడ్‌మిల్ టెస్టు చేయించుకుని, మీరు ఏ మాత్రలు వాడుతున్నారో, డైవింగ్ చేస్తున్నారనీ స్పష్టంగా చెప్పి, ఆయన సరే అన్నాకే దిగండి. ప్రవాహం ఎక్కువగా ఉన్న రోజు బోటు మీదే ఉండిపోవడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. మెక్సికోలోని కొజుమెల్‌కి వెళ్లినప్పుడు నాలుగో రోజు నాకు బెండ్స్ వచ్చింది. కంప్యూటర్లో ఆ డైవ్ రికార్డు తీసి చూస్తే ఇంకా 6 నిమిషాలు మిగిలే ఉన్నాయి, సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగడం) చేశాను, వేగంగా కూడా రాలేదు. అందరూ "నువ్వేదో తప్పు చేసే ఉంటావ్" అంటున్నారు. కంప్యూటర్ పాడైందనుకోవాలా, నేను అబద్ధం చెబుతున్నాననుకోవాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు అబద్ధం చెప్పడం లేదమ్మా, మీ కంప్యూటరూ చెప్పి ఉండదు. ఈ ఉత్తరం చదివి నాకు చాలాసేపు మనసు బాగాలేదు, ఎందుకంటే ఇదే నాకూ జరిగింది.

చాలా ఏళ్ల కిందట, వరసగా నాలుగో రోజు, రోజుకి మూడు డైవ్‌ల చొప్పున చేస్తున్నాను. ఆ రోజు 26 మీటర్ల డైవ్, పైకి వచ్చేటప్పటికి 5 నిమిషాలు మిగిలే ఉన్నాయి. బోటు ఎక్కగానే ట్యాంకులు అందుకుని సర్దాను, లంగరు లాగడానికి చెయ్యి వేశాను. సాయంత్రానికి ఎడమ భుజం లోపల ఎక్కడో నొప్పి, నొక్కితే తెలియదు, కదిపితే పెరగదు, ఊరికే అలా ఉంటుంది. లంగరు లాగాను కదా అనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. పొద్దున లేచేసరికి రెండు వేళ్లు మొద్దుబారిపోయాయి, అప్పుడు భయమేసింది. ఆక్సిజన్ పెట్టారు, తర్వాత ప్రెషర్ చాంబర్‌లో పడుకోబెట్టారు, 2.8 వాతావరణాల ఒత్తిడితో మొదలుపెట్టి, ఆక్సిజన్ పీలిపిస్తూ దాదాపు ఐదు గంటలు. అక్కడి డాక్టర్ నా కంప్యూటర్ రికార్డు చూసి, "ఇది హద్దులోనే ఉంది, మీకు బెండ్సూ వచ్చింది, రెండూ నిజమే" అన్నారు. ఆ మాట నాకు మందుకంటే ఎక్కువ పనిచేసింది.

హద్దు లోపల ఉంటే బెండ్స్ రాదు అనేది మనం కల్పించుకున్న అర్థం. హద్దు లోపల రిస్కు చాలా తక్కువ, సున్నా కాదు. బెండ్స్ వచ్చినవాళ్లలో చాలామంది తమ కంప్యూటర్ హద్దు దాటనివాళ్లే. ఒంట్లో నీరు తక్కువ ఉండటం, చలి, డైవ్ తర్వాత బరువులెత్తడం, వరసగా రోజుల తరబడి దిగడం, వయసు, ఒంట్లో కొవ్వు, ఇవేవీ వాచీ లెక్కలోకి రావు. ఇంకొకటి కూడా ఉంది. పుట్టకముందు గుండె పై గదుల మధ్య ఒక చిన్న ద్వారం ఉంటుంది, పుట్టాక మూసుకుపోవాలి. పెద్దవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి అది పూర్తిగా మూసుకోదు, చాలామందికి ఆ సంగతి జీవితాంతం తెలియనే తెలియదు. ఊపిరితిత్తుల్లో ఆగిపోవాల్సిన బుడగలు ఆ దారిలో మెదడు వైపు వెళ్లిపోవచ్చు. మీకు చర్మం మీద పాలరాయి మరకల్లాంటి మచ్చలు గానీ, తల తిరగడం, తిమ్మిరి గానీ వచ్చి ఉంటే, మళ్లీ డైవ్ చేసే ముందు దీని గురించి డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంగ్లిష్‌లో ఇలాంటివాటిని "అన్‌డిజర్వ్‌డ్" బెండ్స్ అంటుంటారు, అంటే తప్పు చేయకపోయినా వచ్చినవని. నాకు ఆ మాటంటే కోపం. తగిన శాస్తిగా వచ్చే బెండ్స్ అని ఒకటుందా? "నువ్వేదో తప్పు చేసే ఉంటావ్" అనే మాటవల్లే జనం నొప్పిని దాచుకుంటారు, నేను దాచుకున్నట్టే. రాత్రంతా దాచుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది, ఆలస్యమైన కొద్దీ నయమవడం కష్టమవుతుంది. మీరు వెంటనే చెప్పి ఉంటే మీరు చేసింది ధైర్యమైన పని. డైవ్ తర్వాత ఏ కొత్త నొప్పి వచ్చినా, తిమ్మిరి వచ్చినా, విపరీతమైన నీరసం వచ్చినా, కంప్యూటర్లో ఎన్ని నిమిషాలు మిగిలాయన్నదానితో సంబంధం లేకుండా చెప్పేయండి, ఆక్సిజన్ అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు.

ప్రశ్న: 30 మీటర్ల నుంచి వచ్చేటప్పుడు సగం లోతులో రెండు నిమిషాలు ఆగాలని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పారు. అది అవసరమా?
— సింగపూర్ పాఠకుడు

జవాబు: ఒకప్పుడు ఇది బాగా ప్రచారంలో ఉండేది. 2011లో అమెరికన్ నేవీ ప్రయోగశాల ఒక పరీక్ష ఫలితాలు బయటపెట్టింది: 52 మీటర్ల దగ్గర 30 నిమిషాలు ఉన్న డైవర్లలో, మొత్తం ఆగే సమయం సమానంగానే ఉంచి, కొందరిని లోతులో ఎక్కువసేపు, కొందరిని పైన ఎక్కువసేపు ఆపారు. లోతులో ఆపినవాళ్లలో బెండ్స్ మూడు రెట్లకు పైగా కనిపించింది. మీరు చేసేది అంత పెద్ద డైవ్ కాదు కాబట్టి రెండు నిమిషాలు ఆగితే కొంపేమీ మునగదు, కానీ ఆ గాలిని 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్‌కి వాడుకుంటే మంచిది. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో రండి, చివరి 5 మీటర్లు ఇంకా మెల్లగా. చాలామంది స్టాప్ అయిపోగానే పైకి ఎగిరొచ్చేస్తారు. ఉన్న ఒత్తిడితో పోల్చి చూస్తే, అది అన్నిటికంటే ఎక్కువ వంతు మారేది ఆ కొద్ది దూరంలోనే.

ప్రశ్న: చేపల ఫోటోలు తీస్తూ చూసుకోలేదు. నో డెకో టైమ్ సున్నా అయిపోయి "3 మీటర్లు, 4 నిమిషాలు" అని వచ్చింది, కంప్యూటర్ ఒకటే మోత. టెన్షన్‌తో వేగంగా పైకి వచ్చేశాను. ఇప్పుడు అది లాక్ అయిపోయింది. ఒంట్లో బాగానే ఉంది.
— కాకినాడ పాఠకుడు

జవాబు: ఒంట్లో బాగున్నందుకు సంతోషం. తప్పు ఫోటోల్లో లేదు, వేగంగా రావడంలో ఉంది. సున్నా వచ్చిందంటే ఏదో పేలిపోతుందని కాదు. "ఇక నేరుగా రావొద్దు, 3 మీటర్ల దగ్గర నాలుగు నిమిషాలు ఆగి రా" అని దారి చెబుతోంది, అంతే. ఆ దారినే రావాలి: భయపడకుండా మామూలు వేగంతో ఎక్కి, చెప్పిన లోతు కంటే కొంచెం కిందే ఆగి, గాలి ఉన్నంత వరకు అది చెప్పిన దానికంటే కొన్ని నిమిషాలు ఎక్కువే ఉండాలి. గాలి చాలకపోతే బడ్డీ (మీతో జతగా దిగిన డైవర్) గాలి తీసుకోండి. నిజంగా ఎవరి దగ్గరా లేకపోతే పైకి రావాల్సిందే, ఎందుకంటే బెండ్స్‌కి చికిత్స ఉంది, నీళ్లలో మునిగిపోతే లేదు.

లాక్ అవడం మీ మేలుకే. కొన్ని కంపెనీలవి 24 గంటలు, కొన్ని 48 గంటలు అలా ఉండిపోతాయి. ఆ సమయంలో వేరే కంప్యూటర్ అద్దెకు తీసుకుని దిగొద్దు, దయచేసి. ఆ కొత్తదానికి మీ కథ తెలీదు. ఈసారి టైమ్ 5 నిమిషాలకు దిగగానే కెమెరా పక్కన పెట్టి పైకి జరిగే అలవాటు చేసుకోండి. సున్నా దాకా గీసుకుంటూ ఉండేవాళ్లకి ఎంత కఠినమైన సెట్టింగు ఉన్నా లాభం లేదు.

ప్రశ్న: మా వారూ నేనూ ఒకటే కంప్యూటర్ కొన్నాం, వంతులవారీగా కట్టుకోవచ్చా? ఇద్దరం పక్కపక్కనే ఉంటాం.
— గుంటూరు పాఠకురాలు

జవాబు: వద్దండీ. పక్కపక్కనే ఉన్నా ఇద్దరి లోతూ ఒకటి కాదు, మీరు పగడాల పైన ఉంటే ఆయన రెండు మీటర్లు కింద ఉంటారు. పొద్దున ఆయన కట్టుకుని మధ్యాహ్నం మీరు కట్టుకుంటే అది ఆయన నైట్రోజన్‌ని మీ లెక్కలో వేస్తుంది. రెండోది కొనలేకపోతే అద్దెకు తీసుకోండి, కానీ ట్రిప్ మొత్తం ఒకరికి ఒకటే.

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్ నుంచి మధ్యాహ్నం మూడింటికి హైదరాబాద్ ఫ్లైట్. ముందు రోజు సాయంత్రం డైవ్ చేయొచ్చా? కంప్యూటర్లో విమానం గుర్తు ఎప్పుడు పోతే అప్పుడు ఎక్కొచ్చా?
— కరీంనగర్ పాఠకుడు

జవాబు: డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ సంస్థ సలహా ఇది: ఒకే ఒక నో డెకో డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరస డైవ్‌లో, చాలా రోజుల డైవ్‌లో అయితే 18 గంటలు, డెకోలోకి వెళ్లి ఉంటే 18 గంటలకు బాగా పైన. విమానం లోపలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత తక్కువ దాకా పడిపోవచ్చు, అంటే నేల మీదకు తిరిగొచ్చినా మీరు ఇంకా పైకి ఎక్కుతున్నట్టే.

మీరు ట్రిప్పంతా డైవ్ చేసి ఉంటారు కాబట్టి 18 గంటలు. ముందు రోజు సాయంత్రం ఐదింటికి నీళ్లలోంచి బయటికి వస్తే మరుసటి రోజు మూడింటికి 22 గంటలు, సరిపోతుంది. విమానం గుర్తు విషయంలో కూడా కంపెనీకో లెక్క: కొన్ని ఏ డైవ్ చేసినా 24 గంటలు చూపిస్తాయి, కొన్ని నైట్రోజన్ అంచనాను బట్టి త్వరగా తీసేస్తాయి. గుర్తు 10 గంటలకే పోయినా 18 దాకా ఆగండి. గుర్తు ఇంకా ఉంటే 18 దాటినా అది పోయేదాకా ఆగండి. హావ్‌లాక్ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఫెర్రీ వాతావరణం బాగాలేక రద్దయితే ఎలాగూ ఆ రోజంతా టెన్షనే, అందుకే ఆఖరి రోజు డైవ్ లేకుండా ముందే ప్లాన్ చేసుకుని, ఆ పూట రాధానగర్ బీచ్‌లో కూర్చోండి.